గోడకవతల ఎవరు?

గోడకి అవతల "జుయ్‌య్" మంటూ డ్రిల్లు మొదలయ్యేసరికి, ఇవతల గదిలో ఐదేళ్ళ బుడతడు చేతిలోని చెక్కముక్కలు గాల్లోకి విసిరేసి బల్ల కిందికి దూరిపోయాడు.

వాణ్ణి ఆ బల్ల ముందు కూర్చోబెట్టడానికే రెండు వారాలు పట్టింది. మళ్ళీ బయటికి రప్పించడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందో ఆ డ్రిల్లు పట్టుకున్న మహానుభావుడికేం తెలుసు! వాణ్ణి ఆడిస్తున్న అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. పిల్లవాడు తల్లి చంకనెక్కి ఇంటికి వెళ్ళగానే చరచరా నడిచి పక్క వాటా తలుపు తోసింది.

ఆ అమ్మాయి పిల్లల సైకాలజిస్టు కాబోతోంది. కాబోతోందంటే ఇంకా కాలేదని. పుస్తకాల చదువు పూర్తయింది. మాటలు రాని పిల్లలూ, మాటలొచ్చినా మాట్లాడని పిల్లలూ, నిద్రలో ఉలిక్కిపడే పిల్లలూ వచ్చే ఆ సెంటర్లో శిక్షణ ఆఖరి మెట్టు మీదుంది. ఇంట్లోవాళ్ళూ, స్నేహితులూ, చివరికి సెంటర్లో ఆయా కూడా ఆమెని ప్రశ్నమ్మ అనే పిలుస్తారు. అందరు పిల్లలూ ముందు "అమ్మ" అంటే, తన కూతురు "ఎందుకు" అందని వాళ్ళ నాన్న ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాడు. ఆయన వకీలు కాబట్టి ఆ ప్రమాణాన్ని ఎంతవరకు నమ్మాలో ఎవరిష్టం వాళ్ళది. ఏదైతేనేం, ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

పక్క వాటాలో వారం క్రితమే తెరిచిన పళ్ళ ఆసుపత్రి ఉంది. కుర్చీలో రెండు జడల పాప పెదాలు బిగించి కూర్చుంది. పక్కన తెల్లకోటు కుర్రాడొకడు తన వేలు తన నోట్లోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈ మెషిను ఎవరిది? రోజూ ఇదే టైముకి వేస్తారా? ఆ గోడ ఎంత పలచనో తెలుసా? అవతల ఎవరున్నారో ఒక్కసారైనా కనుక్కున్నారా? దీనికి సౌండు తగ్గించే బటన్ ఉండదా? అసలు మీరేనా డాక్టరు?"

అతను నోట్లోంచి వేలు తీశాడు. "ఆఖరిదానికి జవాబు తెలుసండి. నేనే. మిగతావి కొంచెం నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే చెప్తాను."

"వేలికేమైంది?"

"కరిచింది."

"ఏది?"

అతను కళ్ళతో కుర్చీలోకి చూపించాడు. రెండు జడల పాప ముఖంలో పశ్చాత్తాపం ఇసుమంతైనా లేదు.

"ఎందుకు కరిచింది?"

"నొప్పిగా ఉందా అమ్మా అని అడిగాను. అంతే."

"నోట్లో వేలు పెట్టి అడిగితే పాప జవాబెలా చెబుతుంది?"

పళ్ళ డాక్టరు ఆలోచనలో పడ్డాడు. "నిజమే. అందుకేనేమో నా పేషెంట్లందరూ 'ఆఁ' అనే అంటారు."

"తప్పుకోండి," అని ప్రశ్నమ్మ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది. "నీ పేరేంటి తల్లీ? ఏ క్లాసు? భయమేస్తోందా? ఎందుకు భయం? ఇంట్లో బొమ్మలున్నాయా? ఏ బొమ్మంటే ఇష్టం?"

పాప ముఖం గోడవైపు తిప్పేసుకుంది.

మూల నిలబడి దూది ఉండలు చేస్తున్న నర్సక్క ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "దొందూ దొందే," అంది.

ఆ పూట గొడవ ఒక ఒప్పందంతో ముగిసింది. డ్రిల్లు వేసేముందు అతను గోడ మీద రెండుసార్లు తడతాడు. మొదలుపెట్టనా అని దానర్థం. ఇవతల పిల్లలు లేకపోతే ఆమె ఒకసారి తడుతుంది. సరే అని దానర్థం. తట్టకపోతే అతను ఆగాలి.

"ఎంతసేపు ఆగాలి?" అన్నాడతను.

"మీరు ప్రశ్నలడుగుతారేంటి?" అంది ప్రశ్నమ్మ, ఆ హక్కు తనొక్కదానిదే అన్నట్టు.

* * *

ఆ రోజునుంచీ గోడ మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున్నే టక్ టక్. ఇటునుంచి టక్. పది రోజులు తిరిగేసరికి ఆ టక్ టక్ కాస్త ఆలస్యమైతే ప్రశ్నమ్మ గోడకేసి చూడటం ఆయా గమనించి నర్సక్కతో చెప్పింది. నర్సక్క దగ్గర ఇంకా బలమైన వార్త ఉంది. డ్రిల్లుతో పనిలేని రోజు కూడా డాక్టరు గోడ తడుతున్నాడట.

ఈలోగా ప్రశ్నమ్మ నెత్తిన పిడుగు పడింది.

నెలాఖరున పరీక్ష. ఎప్పుడూ చూడని పిల్లతో అరగంట ఆడాలి. ఆడుతున్నంతసేపూ ఒక్క ప్రశ్న అడక్కూడదు. ఇలా చెయ్యి అలా చెయ్యి అనకూడదు. గుడ్, వెరీగుడ్ అని మార్కులు వెయ్యకూడదు. పిల్ల ఏం చేస్తోందో చూసి, చూసింది చెప్పాలి. పిల్లకి ఏమనిపిస్తోందో అర్థమైతే అది చెప్పాలి. పరీక్షకి ముందు, సెంటర్ నడిపే పెద్ద మేడం ఒక పిల్లాడితో ఆడించి సరదాగా పరీక్షించింది.

"ఎలా చేశాను మేడం?"

పెద్ద మేడం జుట్టు నెరిసిన మనిషి. ఆవిడ నవ్వితే లోపల ఏదో ఉందని అర్థం. "కాసేపు నీ ప్రశ్నలు లెక్కపెట్టానమ్మా. తర్వాత నా వేళ్ళు చాల్లేదు."

"పిల్లాడు మాట్లాడకపోతే అడగాలి కదా మేడం? అడక్కపోతే వాడి మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది?"

"ఇదిగో, మళ్ళీ రెండు!" మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వాడికి ఇంట్లో ప్రశ్నలే, బళ్ళో ప్రశ్నలే. ఇంటికి చుట్టాలొస్తే ఇంకా ప్రశ్నలు. ప్రతి ప్రశ్నకీ ఒక సరైన జవాబుంటుందని వాడికి తెలుసు. అది చెప్పలేకపోతే తప్పని కూడా తెలుసు. ఇక్కడికొచ్చినా అదే గాలం వేస్తే చేప రాదమ్మా. నువ్వు నోరు మూసుకో. వాడే తెరుస్తాడు."

పరీక్ష తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. సెంటర్లో ఖాళీ అవుతున్న ఒకే ఒక్క ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. బల్ల కింద దూరిన బుడతడు కూడా ఇంకెవరి చేతికో వెళ్తాడు. చివరిది తలుచుకుంటేనే ప్రశ్నమ్మకి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

సాయంత్రం వరండాలో నిలబడి వాన చూస్తూ టీ తాగుతుంటే పళ్ళ డాక్టరు తన కప్పు పట్టుకుని వచ్చాడు. ఈ గోడ పొరుగు స్నేహం అప్పటికే టీ దాకా వచ్చింది. జరిగింది విన్నాడు.

"నా దగ్గరికొచ్చే పిల్లలు కరుస్తున్నారు. మీ దగ్గరికొచ్చే పిల్లలు మాట్లాడట్లేదు. మీదే మేలు కదండీ!"

"ప్రాక్టీసు చెయ్యడానికి నాకో పిల్లాడు కావాలి. ప్రశ్న అడిగినప్పుడల్లా తప్పు పట్టేవాడు. అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు?"

"నేనున్నాగా."

"మీరు పిల్లాడవుతారా?"

"ఇంకా కాలేదని ఎవరన్నారు? నేనింకా పిల్లాణ్ణేనని మా అమ్మ రోజూ అంటుంది."

"మరి మీకేంటి లాభం?"

"పిల్లలు నన్ను కరవకుండా ఎలా మాట్లాడాలో మీరు నేర్పండి. చెల్లుకు చెల్లు."

* * *

మర్నాడు సాయంత్రం ఆటగదిలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఆరడుగుల పళ్ళ డాక్టరు కూర్చున్నాడు. మోకాళ్ళు చెవులదాకా వచ్చాయి. గోడకున్న పెద్ద అద్దం గురించి ప్రశ్నమ్మ ముందే చెప్పింది. ఇటునుంచి చూస్తే అది అద్దం. వెనక చీకటిగదిలోంచి చూస్తే కిటికీ. శిక్షణలో ఉన్నవాళ్ళని గమనించడానికి మేడం ఎప్పుడైనా వచ్చి అక్కడ కూర్చుంటుంది, చెప్పి రాదు. అతను బుద్ధిగా తలూపాడు. రెండో రోజుకే ఆ సంగతి మర్చిపోయి దాని ముందు నిలబడి తల దువ్వుకున్నాడు.

బొమ్మల బుట్టలోంచి ఒక పసుపు లారీ, ఒక విజిలు తీసుకున్నాడు. లారీ తోలడానికి, విజిలు ఆమె తప్పు చేస్తే ఊదడానికి.

"మీరు లారీ తీసుకున్నారు," అంది ప్రశ్నమ్మ, పుస్తకంలో ఉన్నట్టే. "లారీని కార్పెట్ మీద నడుపుతున్నారు. లారీ ఎక్కడికి వెళ్తోంది?"

'పీ...' మని విజిలు.

"అయ్యో! సరే. లారీ బుట్ట దగ్గర ఆగింది. అందులో ఏముంది?"

'పీ...'

"ఇది కూడా లెక్కేనా?"

'పీ... పీ...'

గోడకవతల నర్సక్క ఇంటికి వెళ్ళబోతూ ఆగి, "ఇక్కడ పిల్లల్ని బాగుచేస్తారా, రైళ్ళు పంపిస్తారా!" అనుకుంది.

రోజుకో పిల్లాడిగా వచ్చేవాడు పళ్ళ డాక్టరు. ఒకరోజు మొండివాడు. ఒకరోజు బంకమట్టి తినేవాడు. ఒకరోజు ఊరికే ఏడ్చేవాడు. ఆ ఏడుపు చూసి ప్రశ్నమ్మకి నవ్వాగక సెషను ఆపాల్సి వచ్చింది.

"నాకు నువ్వు నచ్చలేదు. పో!" అన్నాడు మొండివాడు.

"నేనంటే కోపంగా ఉంది."

"అవును."

"నేను ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే బావుణ్ణు అనిపిస్తోంది."

మొండివాడు కంగారుపడ్డాడు. "అంత దూరం వద్దులెండి."

విజిలు మోతలు తగ్గుతూ వచ్చాయి. అవతల పళ్ళ ఆసుపత్రిలో కూడా గాలి మారింది. "ఇప్పుడు చిన్న అద్దం లోపలికి వస్తోంది. చల్లగా ఉంటుంది. నీకు వద్దనిపిస్తే చెయ్యెత్తు, ఆపేస్తాను," అని అతను చెయ్యబోయేది ముందే చెబుతుంటే, రెండు జడల పాప తనంతట తనే నోరు తెరిచింది. ఆ రోజు అతను కరిపించుకోని పది వేళ్ళనీ ప్రశ్నమ్మకి చూపించడానికి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ వేళ్ళు చూస్తూ ఆమె అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే ఉండిపోయింది.

పరీక్షకి వారం ముందు, శుక్రవారం. బయట వాన దంచేస్తోంది. ఆ రోజు వచ్చిన పిల్లాడు అల్లరి చెయ్యలేదు. లారీని నెమ్మదిగా అటూ ఇటూ నడిపాడు.

"లారీ నెమ్మదిగా వెళ్తోంది," అంది ప్రశ్నమ్మ. లారీ మీదే కళ్ళు. పిల్లల చేతుల్ని చూడు, అక్కడే కథంతా ఉంటుందని పుస్తకం చెప్పింది మరి.

"ఈ లారీలో ఒకబ్బాయి ఉన్నాడు."

"లారీలో ఒకబ్బాయి ఉన్నాడు."

"వాడికి ఒకమ్మాయంటే చాలా ఇష్టం."

"ఒకమ్మాయంటే చాలా ఇష్టం."

"రోజూ చెప్పాలని వస్తాడు. చెప్పకుండానే వెళ్ళిపోతాడు."

"చెప్పాలంటే భయంగా ఉంది."

"అవును." లారీ ఆగిపోయింది. "ఆ అమ్మాయి లోకంలో ఉన్నవన్నీ అడుగుతుంది. ఇదొక్కటి మాత్రం అడగదు."

"లారీ ఆగిపోయింది," అంది ప్రశ్నమ్మ మెల్లగా. "ఆ అమ్మాయి అడిగితే బావుణ్ణు అనిపిస్తోంది."

"చాలా అనిపిస్తోంది."

ఆమె ఇంకేం అనలేదు. నిశ్శబ్దం వస్తే దాన్ని నింపకూడదు, ఉండనివ్వాలి అని మేడం చెప్పింది. ఉండనిచ్చింది. వాన చప్పుడు మాత్రం వినిపిస్తోంది. అంతలో అరగంట అయిందని టైమర్ గణగణలాడింది.

ప్రశ్నమ్మ చప్పట్లు కొడుతూ ఎగిరి గంతేసింది. "ఒక్కటి కూడా లేదు! విజిలు ఒక్కసారి కూడా ఊదలేదు చూశారా! అబ్బ, ఏం నటించారండీ! ఒక్క క్షణం నేను నిజమే అనుకున్నాను!"

"నిజమే అనుకున్నారా?"

"అనుకున్నాను! మీరు పళ్ళు పీకుతూ ఉండిపోవడం నాటకాలకి ఎంత నష్టమో!"

అతను లారీని బుట్టలో పెట్టాడు. లేవబోతే ఎర్ర కుర్చీ కూడా అతన్ని పట్టుకునే లేచింది. రోజూ అది జరిగినప్పుడల్లా ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆ రోజు ఆమె ఒక్కతే నవ్వింది. అతను కుర్చీ విడిపించుకుని, "ఆల్ ది బెస్టండీ," అని వెళ్ళిపోయాడు.

* * *

శనివారం రాలేదు. సోమవారమూ రాలేదు. గోడ మీద టక్ టక్ మాత్రం వస్తోంది, డ్రిల్లు అవసరమైనప్పుడే. లెక్కప్రకారం, ఒక్కటి ఎక్కువ లేకుండా.

"డాక్టరుగారికి ఒంట్లో బాలేదా?" అని నర్సక్కని ఆపి అడిగింది ప్రశ్నమ్మ. "పని ఎక్కువగా ఉందా? నా మీద కోపమా? ఏమైనా అన్నారా?"

"ఏమో తల్లీ. నిన్న వాళ్ళమ్మగారొచ్చారు. ఫోన్లో ఎవరో అమ్మాయి ఫొటో చూపిస్తున్నారు."

ప్రశ్నమ్మ గుండెల్లో ఏదో కలుక్కుమంది. పిల్లల్లో ఏడుపుకీ అలకకీ బెంగకీ ఉన్న తేడాలన్నీ పేజీలకొద్దీ రాసిన మనిషి, తన గుండెల్లో బరువుని మాత్రం అసిడిటీ అనుకుని మాత్ర వేసుకుంది. మాత్ర పనిచెయ్యలేదు. అతని లారీ కథలో ఉన్న అమ్మాయి ఆ ఫొటోలోని అమ్మాయేనేమో అనిపించాక మాత్రకి అస్సలు లొంగలేదు.

అయినా పరీక్ష ఆగదు కదా.

పరీక్ష రోజు పొద్దున వచ్చిన పిల్ల పేరు ఫైల్లో ఏదో ఉంది. వాళ్ళమ్మ మాత్రం చిట్టీ అని పిలిచింది. ఆరేళ్ళది. ఇంట్లో వాగుడుకాయ. గడప దాటితే ఒక్క మాట రాదు. బళ్ళో చేరి ఏడాదైనా ఆ పిల్ల గొంతెలా ఉంటుందో టీచరుకి తెలియదు. అద్దం వెనక పెద్ద మేడమూ, బయటినుంచి వచ్చిన ఇద్దరు పరీక్షకులూ కూర్చున్నారు.

"మధ్యాహ్నందాకా డ్రిల్లు ముట్టుకోనని చెప్పమన్నారు డాక్టరుగారు," అని నర్సక్క పొద్దున్నే కబురు తెచ్చింది. ఆ మాటకే ప్రశ్నమ్మకి కాస్త ఊపిరాడింది.

చిట్టి గది మధ్యలో నిలబడింది. బుట్ట ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చోలేదు.

"నువ్వు నిలబడి గదంతా చూస్తున్నావు," అంది ప్రశ్నమ్మ. "ఇది కొత్త చోటు. నేను కూడా కొత్తే."

జవాబు లేదు. నిమిషాలు గడుస్తున్నాయి. ప్రశ్నమ్మ గొంతులో ప్రశ్నలు బడి గేటు దగ్గర పిల్లల్లా తోసుకుంటున్నాయి. భయమా? ఆడుకుంటావా? బొమ్మ కావాలా? ఒక్కటి, ఒకే ఒక్కటి అడిగితే ఏం పోయింది? పళ్ళ బిగువున ఆపుకుంది. చెవుల్లో విజిలు వినిపించింది.

అప్పుడే గోడ మీద టక్ టక్.

మధ్యాహ్నందాకా డ్రిల్లు ముట్టుకోనన్నాడు కదా! తను లేచి జవాబు తడితే ఆట చెడుతుంది. తట్టకపోతే అతను ఆగుతాడో లేదో. డ్రిల్లు మొదలైతే ఈ పిల్ల కూడా బల్ల కిందికి పోతుంది, దానితోపాటే తన ఏడాదీ పోతుంది.

చిట్టి గోడకేసి చూస్తోంది.

"గోడలోంచి చప్పుడొచ్చింది," అంది ప్రశ్నమ్మ. "నువ్వు విన్నావు."

చిట్టి ఒక్కో అడుగూ వేసుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. చెవి ఆనించింది. తర్వాత చిన్న పిడికిలితో తట్టింది. టక్, టక్, టక్.

అవతల నిశ్శబ్దం.

టక్, టక్, టక్, అంది గోడ.

చిట్టి కళ్ళు చక్రాల్లా విచ్చుకున్నాయి. ఈసారి ఒకటి తట్టింది. గోడ ఒకటి తట్టింది. నాలుగు తట్టింది. నాలుగు వచ్చాయి. చిట్టి రెండు చేతులతో దరువు వేసింది. అవతలనుంచి అంతకంటే పెద్ద దరువు వచ్చింది, ఇద్దరు ముగ్గురు కలిసి వాయించినట్టు. చిట్టి కిలకిలా నవ్వింది.

"గోడ నీతో ఆడుతోంది. నీకు సంతోషంగా ఉంది."

చిట్టి గిరుక్కున తిరిగింది. ముఖమంతా వెలుగు.

"అవతల ఎవరు?" అంది.

గడప దాటితే రాని గొంతు. సన్నగా, స్పష్టంగా, కాస్త జీరగా ఉంది. అద్దం వెనక కుర్చీ ఒకటి కిర్రుమంది. ప్రశ్నమ్మకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ మింగేసింది. తన బతుకంతా అడిగిన ప్రశ్నలన్నీ కలిపినా ఇంత మంచి ప్రశ్న ఒక్కటి లేదనిపించింది.

"నీకు తెలుసుకోవాలని ఉంది," అంది.

"ఆఁ! దెయ్యమా, మనిషా?" అని చిట్టి మళ్ళీ గోడ వైపు పరిగెత్తింది. ఇక ఆ అరగంటా ఆ పిల్ల నోరు మూతపడలేదు.

* * *

పరీక్షకులు చేతులు కలిపి, అభినందనలు చెప్పి వెళ్ళిపోయారు. పెద్ద మేడం మాత్రం ఉండిపోయింది.

"ప్రశ్నలు సున్నా. నువ్వు నెగ్గావమ్మా. ఒకటో తారీకు నుంచి ఉద్యోగంలో చేరు."

ప్రశ్నమ్మ ఆవిడ కాళ్ళ మీద పడబోయింది. మేడం భుజం పట్టుకుని ఆపింది.

"ఉండు. ఒక తప్పు కూడా ఉంది. ఇవాళ్టిది కాదు, పోయిన శుక్రవారానిది. పరీక్ష ముందు మనసు చెదురుతుందని చెప్పలేదు. ఆ రోజు నేను అద్దం వెనకే ఉన్నాను."

"శుక్రవారం కూడా ప్రశ్నలు సున్నాయే కదా మేడం?"

"సున్నాయే. కానీ ఆ అబ్బాయి ఆడట్లేదమ్మా."

ప్రశ్నమ్మకి అర్థం కాలేదు.

"ఆటలో ఉన్న పిల్లలు బొమ్మని చూస్తూ చెబుతారు. అతను లారీ వదిలేసి నిన్ను చూస్తూ చెప్పాడు. నువ్వేమో లారీనే చూస్తూ, లారీ ఆగింది, లారీ ఆగింది అంటున్నావు. పైగా చివర్లో చప్పట్లు!" మేడం తల కొట్టుకుంది. "ఊళ్ళో పిల్లలందరి మనసులూ చదువుతావు. దీపం కింద చీకటి అంటే ఇదే."

ప్రశ్నమ్మ ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. అసిడిటీ మాత్ర ఎందుకు పనిచెయ్యలేదో అప్పటికి తెలిసొచ్చింది.

"మేడం, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"అరగంటసేపు అడక్కుండా ఉండటం నేర్చుకున్నావుగా. ఎప్పుడు అడగాలో అది నువ్వే తెలుసుకో."

పళ్ళ ఆసుపత్రిలో నర్సక్క సామాను కడుగుతోంది. ప్రశ్నమ్మ ముఖం చూడగానే ఆవిడకి ఎక్కడలేని పని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయింది. పళ్ళ డాక్టరు కిటికీ దగ్గర వాన చూస్తున్నాడు. తిరిగాడు.

"సారీ అండి. ఒక పెద్దాయన దవడ వాచిపోయి ఏడుస్తూ వచ్చారు. ఆపలేక తట్టాను. మీ జవాబు రాలేదు, ఆగాను. తర్వాత తట్టింది మీరు కాదని తెలిసిపోయింది. మీరెప్పుడూ భుజం ఎత్తులో తడతారు. అది నడుం కింద నుంచి వచ్చింది. ఎవరో చిన్నవాళ్ళు పలకరిస్తుంటే పలక్కుండా ఎలా ఉంటాం? పాపం ఆ పెద్దాయన కూడా దవడ పట్టుకునే దరువు వేశారు. పరీక్ష పోలేదు కదా?"

"నెగ్గాను."

అతని ముఖం విప్పారింది. మళ్ళీ అంతలోనే సర్దుకున్నాడు. "మంచిదండి."

"శుక్రవారం మీరు లారీతో చెప్పింది..." ప్రశ్నమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "అది ఆటా, నిజమా? ఆ ఫొటోలో అమ్మాయి ఎవరు? ఆవిడేనా? మీరెందుకు రావట్లేదు? నా మీద కోపమా?"

పళ్ళ డాక్టరు చేతులు కట్టుకున్నాడు. పెదాల చివర నవ్వు మొలిచింది.

"మీకు తెలుసుకోవాలని ఉంది," అన్నాడు, అచ్చం ఆమె గొంతుతో.

"చెప్పండి!"

"చెప్పకపోతే కోపంగా ఉంది."

"నా పాఠం నాకే అప్పజెబుతారా!"

"చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు."

ప్రశ్నమ్మ కొంగు వదిలేసింది. చుట్టూ చూసింది. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి అతను కొనిపెట్టుకున్న బొమ్మల్లోంచి ఒక కారు తీసి అతని బల్ల మీద పెట్టింది. వేలితో కొంచెం తోసింది.

"ఈ కారులో ఒకమ్మాయి ఉంది," అంది. కారు వైపు చూడలేదు, అతన్నే చూస్తోంది. "బొత్తిగా తెలివితక్కువది. ఒకబ్బాయి నిజం చెబితే చప్పట్లు కొట్టింది. వారం రోజులుగా గోడ సరిగ్గా మాట్లాడకపోతే అన్నం సహించట్లేదు. దానికి ఆ అబ్బాయంటే చాలా ఇష్టం."

వాన తగ్గిందో, చెవులు పనిచెయ్యడం మానేశాయో, ఏ చప్పుడూ లేదు. పళ్ళ డాక్టరు ఆ నిశ్శబ్దాన్ని నింపలేదు. కాసేపు ఉండనిచ్చాడు. తర్వాత వచ్చి కారుని ఆమె చేతితో సహా పట్టుకున్నాడు.

"ఫొటోలో అమ్మాయి మా అమ్మ చూసిన సంబంధం. వద్దన్నాను. ఎందుకురా అని అడిగింది. గోడ పక్కన ఒకరున్నారని చెప్పాను. ఇంకేం అడగాలనుందో అడగండి. ఇవాళ విజిలు లేదు."

అడగమంటే ఒక్కటీ రాలేదు ప్రశ్నమ్మకి. చాలాసేపటికి దొరికింది.

"రేపు మా నాన్న దగ్గరికి వస్తారా?"

* * *

వకీలుగారు కాబోయే అల్లుణ్ణి ముందుగదిలో కూర్చోబెట్టి సాయంత్రమంతా అడ్డప్రశ్నలు వేశాడు. పళ్ళ డాక్టరు ఒక్కదాన్నీ తప్పించుకోలేదు. ఆఖరికి వకీలుగారు గొంతు తగ్గించి, "మా ప్రశ్నమ్మని జీవితాంతం భరించగలవా బాబూ?" అన్నాడు.

"మీకు కూతురంటే ప్రాణం," అన్నాడు అల్లుడు. "కూతురు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందని బెంగగా ఉంది."

వకీలుగారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలి గది వైపు తిరిగి, "ఏమేవ్! ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ అడిగేవాళ్ళమే ఉన్నాం. వినేవాడొకడు వచ్చాడు, ముహూర్తం పెట్టించు!" అని కేకేశాడు.

ఆ తర్వాతి సోమవారం చిట్టి మళ్ళీ వచ్చింది. బంకమట్టితో ఏనుగు చేస్తోంది. గోడ మీద టక్ టక్ వినిపించగానే ఏనుగుని తొండం లేకుండానే వదిలేసి పరిగెత్తి ఒకసారి తట్టింది. ఆ భాష ఇప్పుడు దానికీ వచ్చు. వెనక్కి వచ్చి ప్రశ్నమ్మ ముఖంలోకి చూసింది.

"అవతలి డాక్టరు నీకేమవుతాడు?"

ప్రశ్నమ్మ బుగ్గలు కందిపోయాయి. "నీకు తెలుసుకోవాలని ఉంది."

"అది నాకు తెలుసు," అంది చిట్టి నడుం మీద చేతులు పెట్టుకుని. "జవాబు చెప్పు."